అమెరికాలో నకిలీ ఐడీ కార్డు: రాష్ట్రం మారితే నేరం మారుతుంది

2020 మొదటి ఆరు నెలల్లో షికాగో ఓహేర్ విమానాశ్రయానికి చెందిన అంతర్జాతీయ తపాలా కేంద్రంలో అమెరికా కస్టమ్స్ అధికారులు 1,513 పార్సిళ్లలో 19,888 నకిలీ డ్రైవింగ్ లైసెన్సులు పట్టుకున్నారు. ఎక్కువ భాగం చైనా, హాంకాంగ్‌ల నుంచి వచ్చినవి. బ్రిటన్, దక్షిణ కొరియాల నుంచి వచ్చినవీ కొన్ని ఉన్నాయి. ఒకే ఫొటో మీద వేర్వేరు పేర్లు వేసిన కార్డులు వాటిలో చాలా కనిపించాయి. వాటిని తెప్పించుకున్నవారిలో అత్యధికులు చుట్టుపక్కల రాష్ట్రాల్లో చదువుకుంటున్న కాలేజీ వయసు పిల్లలు. అధికారులను అన్నిటికంటే ఆలోచనలో పడేసినది మాత్రం వేరే విషయం: మిషిగన్ లైసెన్సులుగా చలామణి కావలసిన కార్డుల వెనుక ఉన్న బార్‌కోడ్ నిజంగానే పనిచేసింది. అంటే దుకాణదారు ఆ కార్డును యంత్రంలో పెట్టి చూసినా యంత్రం అభ్యంతరం చెప్పదు.

ఆ పార్సిళ్లలో ఒకటి కస్టమ్స్ కంట పడకుండా చేరవలసిన చోటికి చేరిందనుకుందాం. ఆ కార్డు జేబులో పెట్టుకున్న పంతొమ్మిదేళ్ల కుర్రవాడు శుక్రవారం రాత్రి ఒక బార్ గుమ్మంలో దొరికిపోతే అతడు చేసిన నేరం ఏమిటి, పడే శిక్ష ఎంత అన్న ప్రశ్నకు అమెరికాలో ఒక్క జవాబు లేదు. ఆ బార్ ఏ రాష్ట్రంలో ఉంది, కార్డు మొత్తంగా కల్పించినదా లేక అసలు కార్డునే దిద్దారా, కుర్రవాడు దానితో ఏం చేయబోయాడు అన్న మూడు విషయాలు తేలితే తప్ప జవాబు రాదు. వీటికి తోడు అతడు ఆ దేశ పౌరుడా, విద్యార్థి వీసా మీద వచ్చినవాడా అన్న నాలుగో విషయమూ ఉంది. క్రిమినల్ కోర్టు తీర్పు దానిపై ఆధారపడదు గాని, ఆ తీర్పు తరువాతి జీవితం మాత్రం దానిపైనే ఆధారపడుతుంది.

ఈ గందరగోళానికి మూలం అమెరికాలో జాతీయ గుర్తింపు కార్డు లేకపోవడమే. మనకు ఆధార్ చేస్తున్న పనిని అక్కడ డ్రైవింగ్ లైసెన్సు చేస్తుంది. లైసెన్సు ఇచ్చే అధికారం రాష్ట్రానిది, దాని రూపురేఖలు నిర్ణయించేదీ రాష్ట్రమే, దాన్ని నకలు చేస్తే శిక్షించేదీ రాష్ట్రమే. బండి నడపడానికి పుట్టిన కాగితం కాలక్రమంలో బ్యాంకులోనూ విమానాశ్రయంలోనూ మందు దుకాణంలోనూ మనిషి ఎవరో చెప్పే పత్రమైంది. బండి నడపనివారికి కూడా అదే కార్యాలయం అదే ఆకారంలో వేరే కార్డు ఇస్తుందంటే ఆ పత్రం అసలు పని నుంచి ఎంత దూరం వచ్చిందో అర్థమవుతుంది.

నకిలీ కార్డులకు గిరాకీ పుట్టించినది మాత్రం ఒక వయసు పరిమితి. 1971లో 26వ రాజ్యాంగ సవరణ పద్దెనిమిదేళ్లవారికి ఓటు హక్కు ఇచ్చినప్పుడు చాలా రాష్ట్రాలు మద్యం వయసును కూడా తగ్గించాయి. తరువాత రోడ్డు ప్రమాదాల్లో కుర్రకారు మరణాలు చూసి దేశమంతా ఒకే వయసు ఉండాలన్న ఒత్తిడి పెరిగింది. మద్యం విషయంలో రాష్ట్రాలను నేరుగా ఆదేశించడానికి వెనుకాడిన కేంద్రం 1984లో వేరే దారి తొక్కింది: 21 ఏళ్లలోపువారికి మద్యం అమ్మకాన్ని నిషేధించని రాష్ట్రానికి రహదారుల నిధుల్లో కోత పెడతామని చట్టం చేసింది. పంతొమ్మిదేళ్లవారికి తేలికపాటి బీరు అమ్మనిచ్చిన సౌత్ డకోటా కోర్టుకెక్కింది. 1987లో సుప్రీంకోర్టు కేంద్రం పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది వయోమింగ్ కూడా లొంగిపోవడంతో దేశమంతటా 21 స్థిరపడింది. 2019 డిసెంబరు నుంచి సిగరెట్లకూ వేపింగ్ సామగ్రికీ అదే వయసు వర్తిస్తోంది. ఓటు వేయగలిగి, సైన్యంలో చేరగలిగి, బీరు మాత్రం కొనలేని మూడేళ్ల విరామం ఒకటి ఏర్పడింది. నకిలీ కార్డుల వ్యాపారం ప్రధానంగా ఆ మూడేళ్ల మీదే బతుకుతోంది.

కేంద్రం వయసును ఏకం చేసింది గాని శిక్షను ఏకం చేయలేదు. ఫ్లోరిడా చట్టాన్ని చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. కల్పిత లైసెన్సును తెలిసి దగ్గర ఉంచుకోవడం అక్కడ మూడో తరగతి ఫెలొనీ, అంటే పెద్ద నేరం. ఐదేళ్ల వరకు జైలు, 5,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. అసలు లైసెన్సు మీద పుట్టిన తేదీని మాత్రమే దిద్ది దగ్గర ఉంచుకుంటే అది రెండో తరగతి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం. గరిష్ఠంగా 60 రోజులు. రెండు సందర్భాల్లోనూ కుర్రవాడి ఉద్దేశం ఒకటే, చెప్పిన అబద్ధం ఒకటే, కొనబోయిన సీసా ఒకటే. అయినా అంకెను గీకి దిద్దినవాడికీ పార్సిల్‌లో కొత్త కార్డు తెప్పించుకున్నవాడికీ మధ్య చట్టం ఇంత అగాధం పెట్టింది. బ్లేడుతో అంకె గీకే కాలంలో ఈ తేడాకు అర్థం ఉండేదేమో! నేటి పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) కార్డు మీద అంకెను దిద్దడం దాదాపు అసాధ్యం. కనుక ఈ రోజు ఫ్లోరిడాలో దొరికేవారిలో ఎక్కువమంది, వారికి తెలిసినా తెలియకపోయినా, పెద్ద నేరం గీతకు అవతలే నిలబడి ఉంటారు.

ఇల్లినాయ్ మరో రకంగా గీత గీసింది. అక్కడ లైసెన్సులు ఇచ్చేది సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం. ఆ కార్యాలయం కంప్యూటర్లో అసలు నమోదే కాని కార్డును చట్టం ‘ఫ్రాడ్యులెంట్’ అంటుంది. నమోదై, ప్రభుత్వమే ఇచ్చినా లోపలి వివరాలు అబద్ధమైన కార్డును ‘ఫిక్టీషియస్’ అంటుంది. తెలుగులో మొదటిదాన్ని దొంగ కార్డు అనీ రెండోదాన్ని బొంకు కార్డు అనీ చెప్పుకోవచ్చు. దొంగ కార్డు దగ్గర ఉంటే నాలుగో తరగతి ఫెలొనీ: ఒకటి నుంచి మూడేళ్ల జైలు, 25,000 డాలర్ల వరకు జరిమానా. బొంకు కార్డు దగ్గర ఉంటే సాధారణంగా ‘ఏ’ తరగతి మిస్‌డిమీనర్: ఏడాదిలోపు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా. బార్ గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఈ వరుస సబబుగానే ఉంటుంది. భద్రత కోణంలో చూస్తే మాత్రం తలకిందులవుతుంది. ప్రభుత్వ కంప్యూటర్లో నిజంగా నమోదై ఉన్న బొంకు కార్డును పోలీసు కూడా పసిగట్టలేడు. దొంగ కార్డు అతడి తెరపై ఒక్క క్షణంలో బయటపడుతుంది. పట్టుకోవడం సులువైనదానికి పెద్ద శిక్ష, పట్టుకోవడం కష్టమైనదానికి చిన్న శిక్ష పెట్టినట్టయింది.

న్యూయార్క్‌లో ఒకే చర్యకు రెండు తలుపులు తెరిచి ఉంటాయి. మద్య నియంత్రణ చట్టం ప్రకారం 21 ఏళ్లలోపు వ్యక్తి నకిలీ కార్డు చూపి మద్యం కొనబోతే అది నేరం అనే మాటకు కూడా నోచుకోని ఉల్లంఘన మాత్రమే: మొదటిసారికి 100 డాలర్ల వరకు జరిమానా, కొన్ని గంటల సమాజ సేవ. అదే కార్డును శిక్షాస్మృతి కింద ఫోర్జరీ పత్రంగా పరిగణిస్తే అది ‘డి’ తరగతి ఫెలొనీ. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఏ తలుపు గుండా తీసుకువెళ్లాలన్నది పోలీసుల చేతిలోనూ ప్రాసిక్యూటర్ చేతిలోనూ ఉంటుంది. కాలిఫోర్నియాలో ఈ విచక్షణ చట్టం లోపలే ఉంది. అక్కడ నకిలీ లైసెన్సును మోసపు ఉద్దేశంతో చూపడం, దగ్గర ఉంచుకోవడం అటు మిస్‌డిమీనర్‌గానూ ఇటు ఫెలొనీగానూ పెట్టదగిన నేరం. ఇలాంటివాటిని అక్కడి వకీళ్లు ‘వాబ్లర్’ అంటారు, ఎటైనా ఒరగగల నేరమని అర్థం. టెక్సస్ మాత్రం, మద్యం కొనడానికి వయసు విషయంలో అబద్ధమాడిన మైనరును (మద్యం విషయంలో 21 నిండనివారంతా మైనర్లే) ‘సి’ తరగతి మిస్‌డిమీనర్ కింద చూస్తుంది. మొదటిసారికి జైలు ఉండదు. జరిమానా 500 డాలర్లు దాటదు. కాఠిన్యానికి పేరుపడిన టెక్సస్ ఈ విషయంలో ఫ్లోరిడా కంటే మెత్తగా ఉండటం చూస్తే, రాష్ట్రాల గురించి మనకున్న సాధారణ అభిప్రాయాలు చట్టాల విషయంలో పనికిరావని తెలుస్తుంది.

అన్న లైసెన్సు పట్టుకెళ్లడం, పోలికలున్న స్నేహితురాలి కార్డు అడిగి తీసుకోవడం చాలామందికి నేరంగా తోచదు, ఎందుకంటే కార్డు అసలైనది. అయితే ఇతరుల కార్డును తనదిగా చూపడాన్ని దాదాపు ప్రతి రాష్ట్రమూ విడిగా శిక్షిస్తుంది. తన కార్డును అలా వాడుకోవడానికి ఇచ్చినవారినీ శిక్షిస్తుంది. తమ్ముడికి సాయం చేశాననుకున్న అన్న లైసెన్సు సస్పెండ్ అయ్యేది ఇక్కడే.

సస్పెన్షన్ సంగతిని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. బస్సులు అంతంతమాత్రంగా తిరిగే అమెరికా పట్టణాల్లో లైసెన్సు పోవడమంటే ఉద్యోగానికీ చదువుకీ వెళ్లే దారి మూసుకుపోవడమే. మద్యం కోసం చూపిన కార్డుకు కారు నడిపే హక్కుతో సంబంధమేమిటని అడగవచ్చు. శాసనసభల లెక్క సూటిగా ఉంటుంది: పద్దెనిమిదేళ్ల కుర్రవాడు జైలు అంటే నమ్మడు, లైసెన్సు పోతుందంటే నమ్ముతాడు. న్యూయార్క్‌లో ఈ సస్పెన్షన్ మూడు నెలలు. ఇల్లినాయ్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ కోర్టు తీర్పుతో పని లేకుండానే, కేసు తేలకముందే, ఏడాది వరకు లైసెన్సును పక్కన పెట్టవచ్చు. ఇది శిక్ష కాదు, పరిపాలనా చర్య అని చట్టం అంటుంది. ఇంట్లో కూర్చున్నవాడికి రెండింటికీ తేడా కనిపించకపోవచ్చు.

కేంద్ర చట్టం ఈ చిల్లర వ్యవహారాల జోలికి సాధారణంగా రాదు. 1982లో చేసిన నకిలీ గుర్తింపు నేరాల నియంత్రణ చట్టం ప్రధానంగా తయారీదారును దృష్టిలో పెట్టుకున్నది. డ్రైవింగ్ లైసెన్సునో జనన ధ్రువపత్రాన్నో నకిలీగా తయారు చేసినా, చేతులు మార్చినా 15 ఏళ్ల వరకు జైలు. మాదకద్రవ్యాల వ్యాపారం కోసమైతే 20 ఏళ్లు. ఉగ్రవాదం కోసమైతే 30 ఏళ్లు. దుర్వినియోగం చేసే ఉద్దేశంతో ఐదు లేదా అంతకంటే ఎక్కువ పత్రాలు దగ్గర పెట్టుకోవడం ప్రత్యేక నేరం. ఐదు అన్న అంకె వాడేవాడినీ అమ్మేవాడినీ విడదీయడానికి పెట్టిన గీత. హాస్టల్ గదిలో స్నేహితులందరి తరఫునా ఒకే ఆర్డరు పెట్టిన కుర్రవాడు ఆ పార్సిల్ విప్పేటప్పుడు ఈ అంకెను గుర్తు చేసుకోడు. టోకున కొంటే కార్డు ధర తగ్గుతుందన్న సంగతే గుర్తుంటుంది. ఇంటర్నెట్ వచ్చాక 2000లో చేసిన సవరణ కంప్యూటర్ ఫైళ్లనూ కార్డు నమూనాలనూ చట్టం పరిధిలోకి తెచ్చింది. వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో ఒక అద్దె ఇంటి నుంచి సాగిన వ్యాపారం 2013లో బయటపడినప్పుడు, నిర్వాహకులు ముగ్గురు పాతిక వేలకు పైగా కార్డులు కాలేజీ పిల్లలకు అమ్మి సుమారు 30 లక్షల డాలర్లు సంపాదించారని తేలింది. వారు నిలబడింది కేంద్ర కోర్టులోనే.

నకిలీ కార్డు మీద వేసిన నంబరు నిజంగా మరొకరిదైతే ఏమవుతుందన్నది వేరే చిక్కు. 2004 నాటి చట్టం ప్రకారం కొన్ని నేరాలు చేసేటప్పుడు మరొక వ్యక్తి గుర్తింపును వాడితే అసలు శిక్షకు అదనంగా తప్పనిసరిగా రెండేళ్లు పడతాయి. అంకెలు అల్లేటప్పుడు కాకతాళీయంగా ఎవరి నంబరుకో తగిలితే ఆ రెండేళ్లు వేయవచ్చా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ నంబరు ఒక నిజమైన మనిషిదని నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాల్సిందేనని 2009లో కోర్టు తేల్చింది.

ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్లిన విద్యార్థులకు ఈ వ్యవహారం రెండు చోట్ల తగులుతుంది. ఒకటి చిన్నదే. పైచదువులకు వెళ్లేవారిలో ఎక్కువమందికి 21 నిండి ఉంటుంది గనుక వయసు సమస్య కాదు, చూపే పత్రమే సమస్య. న్యూయార్క్ చట్టం అంగీకరించే పత్రాల్లో అమెరికా రాష్ట్రాలు, కెనడా ప్రావిన్సులు ఇచ్చిన లైసెన్సులు, ఏ దేశపు పాస్‌పోర్టైనా ఉన్నాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో తీసుకున్న డ్రైవింగ్ లైసెన్సు లేదు. అది అసలైనదే అయినా అమ్మకందారుకు చెల్లదు. పాస్‌పోర్టు చూపినా తేదీ దగ్గర తికమక తప్పదు: భారతీయ పాస్‌పోర్టులో రోజు ముందు, నెల తరువాత ఉంటాయి, అమెరికన్ కళ్లు నెలను ముందు చదువుతాయి. ఆగస్టు 5న పుట్టిన మనిషి గుమ్మం దగ్గర మే 8న పుట్టినవాడవుతాడు.

రెండోది పెద్దది. అమెరికా వలస చట్టంలో ‘నైతిక పతనంతో కూడిన నేరం’ అనే వర్గం ఒకటుంది. మోసం చేసే ఉద్దేశం నేరంలో అంతర్భాగమైతే సాధారణంగా దాన్ని ఆ గాటనే కడతారు. దేశంలో ప్రవేశించిన ఐదేళ్లలోపు అలాంటి నేరం ఒక్కటి చేసి శిక్షార్హుడని తేలినా, ఆ నేరానికి ఏడాది లేదా అంతకు మించిన శిక్ష విధించే వీలుంటే ఆ వ్యక్తిని దేశం నుంచి పంపివేయవచ్చు. ఇక్కడ చూసేది విధించిన శిక్షను కాదు, విధించగల గరిష్ఠ శిక్షను. న్యాయమూర్తి దయతలచి ఒక్క రోజు కూడా జైలుకు పంపకపోయినా, ఫ్లోరిడా చట్టంలో ఐదేళ్లు అని రాసి ఉన్నందుకే ఆ కార్డు ప్రమాదకరమవుతుంది. 500 డాలర్ల జరిమానాతో ముగిసే టెక్సస్ కేసులో ఈ లెక్కకు తావే ఉండదు. గరిష్ఠ శిక్ష ఏడాదికి ఒక్క రోజు తక్కువైతే వచ్చే తేడా రాష్ట్రాలకూ తెలుసు. మిస్‌డిమీనర్ గరిష్ఠ శిక్షను ఏడాది నుంచి 364 రోజులకు తగ్గిస్తూ వాషింగ్టన్ 2011లో చట్టం చేసింది. కాలిఫోర్నియాలో అలాంటిదే 2015 నుంచి అమల్లోకి వచ్చింది. న్యూయార్క్ 2019లో అదే బాట పట్టింది. జైలులో ఒక రోజు తగ్గితే ఖైదీకి ఒరిగేది ఏమీ లేదు. ఆ సవరణలన్నీ వలస చట్టంలోని ‘ఏడాది’ అన్న మాటను తప్పించడానికి చేసినవే.

అమెరికన్ సహవిద్యార్థికి వకీలు ఇచ్చే మామూలు సలహా కూడా వీసా విద్యార్థికి హాని చేయవచ్చు. చిన్న కేసుల్లో నేరం ఒప్పుకుని, తరగతులకు హాజరై, సమాజ సేవ చేస్తే కేసు కొట్టివేసే పద్ధతి చాలా రాష్ట్రాల్లో ఉంది. రాష్ట్రం దృష్టిలో ఆ కుర్రవాడు శిక్ష పడనివాడు. వలస చట్టం దృష్టిలో మాత్రం నేరం ఒప్పుకోవడం, దానికి ప్రతిగా ఏదో ఒక నిర్బంధం విధించడం రెండూ జరిగితే అది శిక్ష పడినట్టే. తరువాత రికార్డు చెరిపివేసినా లెక్క సాధారణంగా మారదు. వీసా దరఖాస్తు ఫారం క్షమాభిక్ష దొరికిన కేసులతో సహా ఎప్పుడైనా అరెస్టయ్యారా అనే అడుగుతుంది. శిక్ష పడిందా అని మాత్రమే అడిగి ఊరుకోదు.

ఇక పట్టివేత విషయానికి వస్తే, గుమ్మం దగ్గర నిలబడే బౌన్సర్ చేతిలో మొదటి పరికరం అతడి బొటనవేలే. అసలు కార్డుల్లో ఇప్పుడు చాలావరకు పాలీకార్బొనేట్ పొరలను కరిగించి ఒకటిగా అతికించినవి. అక్షరాలను లేజరుతో లోపల చెక్కుతారు, కొన్నిటిని వేలికి తగిలేలా పైకి ఉబ్బిస్తారు. బల్ల మీద జారవిడిస్తే ఆ కార్డు మోగే తీరే వేరు. ఫొటో పక్కన లేతగా మరో చిన్న ఫొటో, వంచితే రంగు మారే ముద్ర, అతినీల లోహిత కాంతిలో మాత్రమే కనబడే బొమ్మ, భూతద్దం కింద తప్ప గీతలా తోచే అతిసూక్ష్మ అక్షరాలు ఉంటాయి. చాలా రాష్ట్రాలు 21 నిండనివారి కార్డును నిలువుగా అచ్చువేస్తాయి. వెలుతురు సరిగా లేని చోట ఇంతకంటే పనికొచ్చే ఏర్పాటు ఇంకొకటి లేదు, ఎందుకంటే దాన్ని గమనించడానికి చదవాల్సిన పని కూడా లేదు.

ఈ గుర్తులన్నీ తెలిసి ఉండటం వేరు, యాభై రాష్ట్రాలకూ గుర్తుపెట్టుకోవడం వేరు. ప్రతి రాష్ట్రమూ కొన్నేళ్లకోసారి కార్డు రూపం మారుస్తుంది. పాత రూపంలోనివి గడువు తీరేదాకా చెల్లుతాయి. అరిజోనా ఏళ్ల తరబడి 65వ ఏటిదాకా చెల్లే లైసెన్సులు ఇస్తూ వచ్చింది. కనుక ఏ సమయంలో చూసినా చెలామణిలో ఉన్న అసలు రూపాలు వందల సంఖ్యలో ఉంటాయి. దూరపు రాష్ట్రపు కార్డులకు నకిలీ బజారులో ఎప్పుడూ గిరాకీ ఉండటానికి ఇదే కారణం: అట్లాంటాలోని బౌన్సర్ జార్జియా కార్డును రోజూ చూస్తాడు, రోడ్ ఐలాండ్ కార్డును నెలకొకసారి చూస్తాడేమో. అందుకే అనుభవజ్ఞులు కార్డును వదిలి మనిషిని పరీక్షిస్తారు. పుట్టిన తేదీ అడిగితే బట్టీపట్టినది అప్పజెప్పగలరు; నీ రాశి ఏమిటి, హైస్కూలు ఏ సంవత్సరంలో ముగిసింది, కార్డు మీద ఉన్న ఊరి జిప్ కోడ్ ఎంత అని అడిగితే తడబడతారు. కాస్త సంకోచం, గాలిలోకి చూస్తూ చేసే కూడిక చాలు.

యంత్రం గురించి ఉన్న భ్రమ ఇంతకంటే పెద్దది. లైసెన్సు వెనుక ఉండే పీడీఎఫ్417 అనే బార్‌కోడ్‌లో కార్డు ముందువైపు అచ్చయిన పేరు, తేదీ, చిరునామా వంటివే ఒక నిర్ణీత క్రమంలో ఉంటాయి. ఆ క్రమం రహస్యమేమీ కాదు. దేశమంతటా ఒకేలా చదవగలగాలని రాష్ట్రాల మోటారు వాహనాల శాఖల సంఘం ప్రచురించిన ప్రమాణం అది. బార్‌లోని మామూలు స్కానర్ ఆ వివరాలు చదివి, క్రమం సరిగా ఉందా, వయసు 21 దాటిందా అని లెక్కగట్టి పచ్చదీపం వెలిగిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ రికార్డులను అది చూడదు. చూసే అధికారం ఒక బార్‌కు సాధారణంగా ఉండదు కూడా. ఆధార్ కార్డు మీది క్యూఆర్ కోడ్‌లో జారీ చేసిన సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది గనుక ఒక్క అక్షరం మార్చినా తెలిసిపోతుంది. అమెరికా లైసెన్సుల బార్‌కోడ్‌కు చాలాకాలం అలాంటి సంతకం లేదు. కాలిఫోర్నియా 2025 అక్టోబరులో కొత్త రూపు కార్డులు మొదలుపెట్టినప్పుడు గాని వెనుకవైపు బార్‌కోడ్‌లో డిజిటల్ సంతకం చేర్చలేదు. ఓహేర్‌లో దొరికిన కార్డుల బార్‌కోడ్ పనిచేయడంలో అందుకే వింతేమీ లేదు. అది పనిచేయకపోతేనే తయారీదారు చేతకానివాడని అర్థం.

మరి దుకాణదారులు ఈ యంత్రాలను ఎందుకు కొంటున్నారు? జవాబు మళ్లీ చట్టంలోనే దొరుకుతుంది. మైనరుకు అమ్మితే మద్యం లైసెన్సు పోగల అమ్మకందారుకు చాలా రాష్ట్రాలు ఒక రక్షణ ఇస్తాయి: కార్డు అడిగాను, అది చూడటానికి అసలైనదిగానే ఉంది, నమ్మి అమ్మాను అని రుజువు చేసుకుంటే తప్పు అతడిది కాదు. న్యూయార్క్, టెక్సస్ చట్టాలు కార్డును యంత్రంపై చదివించడాన్ని ఈ రక్షణలో భాగంగా ప్రత్యేకించి పేర్కొంటాయి. ఆ విధంగా స్కానర్ నకిలీని పట్టే పరికరంగా కంటే, నకిలీ చేతిలో మోసపోయినప్పుడు యజమానిని కాపాడే సాక్షిగా ఎక్కువ పనికొస్తోంది. పనిలో పనిగా అది పోగుచేసే పేర్లూ చిరునామాలూ ఎక్కడికి పోతాయన్న చింతా ఉంది; టెక్సస్, న్యూయార్క్ రెండూ అలా చదివిన సమాచారాన్ని దాచుకోవడంపై హద్దులు పెట్టాయి. అనుమానించిన కార్డును స్వాధీనం చేసుకునే హక్కు మరో రక్షణ. కాలిఫోర్నియాలో అమ్మకందారు కార్డు తీసుకుంటే రసీదు ఇవ్వాలి, 24 గంటల్లో స్థానిక పోలీసులకు అప్పగించాలి.

యంత్రమూ వేలూ రెండూ ఓడిపోయేది అరువు కార్డు దగ్గర. అక్క కార్డును చెల్లెలు చూపితే ప్లాస్టిక్ అసలైనదే, బార్‌కోడ్ అసలైనదే, ప్రభుత్వ కంప్యూటర్ కూడా అవుననే అంటుంది. మిగిలేది ముఖాన్నీ ఫొటోనీ పోల్చడం ఒక్కటే, మనిషి కన్ను దానిలో మనం అనుకున్నంత గట్టిది కాదు. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు అధికారులపై జరిపి 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఎదురుగా నిలబడిన మనిషిది కాని ఫొటోను ఆ అధికారులు 14 శాతం సార్లు అతడిదేనని ఆమోదించారు. ఏళ్ల అనుభవం ఉన్నవారు కొత్తవారికంటే మెరుగ్గా ఏమీ చేయలేదు. ముఖాలు చూడటమే వృత్తి అయినవారు పగటి వెలుతురులో ఇలా పొరబడితే, అర్ధరాత్రి క్యూ ముందు చేతిలైటు పట్టుకున్నవాడి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కార్డు ఇచ్చే కౌంటరు దగ్గర జరిగే మోసానికి పరిణామాలు ఇంకా పెద్దవి. 2001 సెప్టెంబరు 11 దాడులు చేసినవారిలో కొందరి దగ్గర ఉన్న వర్జీనియా కార్డులు నకిలీవి కావు. అక్కడ నివాసం ఉన్నట్టు అబద్ధపు పత్రాలు పెట్టి ప్రభుత్వ కార్యాలయం నుంచే తీసుకున్నవి. ఇల్లినాయ్ చట్టం చిన్న నేరంగా లెక్కగట్టిన బొంకు కార్డులు సరిగ్గా ఇవే. దాని ఫలితంగా 2005లో రియల్ ఐడీ చట్టం వచ్చింది: దరఖాస్తుదారు తెచ్చిన పత్రాలను సరిచూసి తీరాలని, కార్డులో కనీస భద్రతా లక్షణాలు ఉండాలని రాష్ట్రాలకు షరతులు పెట్టింది. ఖర్చు తమపై పడుతుందని, ఇది దొడ్డిదారి జాతీయ కార్డని రాష్ట్రాలు మొండికేయగా, గడువు మీద గడువు పొడిగించి చివరకు 2025 మే 7న విమానాశ్రయాల్లో దాని అమలు మొదలుపెట్టారు. చట్టానికీ అమలుకూ మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. ఈలోగా రాష్ట్రాలు తమంతట తామే ఒక పని చేశాయి: కొత్త దరఖాస్తుదారు ముఖాన్ని పాత ఫొటోలన్నిటితోనూ పోల్చే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాయి. న్యూయార్క్ 2010లో దీన్ని మొదలుపెట్టింది. ఒకే ముఖం రెండు పేర్లతో దొరికిన కేసుల్లో 2017 నాటికి 4,000 మందికి పైగా అరెస్టయ్యారు. సస్పెండైన లైసెన్సు స్థానంలో వేరే పేరుతో మరొకటి తీసుకోబోవడం వీటిలో తరచు కనిపించిన ఎత్తుగడ.

ఇప్పుడు కార్డు ఫోనులోకి మారుతోంది. లూసియానా 2018లోనే సొంత యాప్ తెచ్చింది. 2021లో దీనికి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. 2022లో అరిజోనా తన లైసెన్సులను ఐఫోన్ వాలెట్‌లో పెట్టనిచ్చింది. ప్రమాణం ప్రకారం పనిచేసే ఈ లైసెన్సులో ప్రతి వివరానికీ రాష్ట్రం డిజిటల్ సంతకం రక్షణగా ఉంటుంది గనుక కల్పించడం కుదరదు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ ఏదీ చెప్పకుండా ‘21 దాటింది’ అన్న ఒక్క మాటను మాత్రమే చూపే వీలూ ఉంది. అయితే ఆ మాటను యంత్రం నుంచి యంత్రానికి పంపి సరిచూస్తేనే ఈ రక్షణ ఉంటుంది. ఫోను తెరను ఎత్తి చూపితే చాలనుకునే గుమ్మం దగ్గర అది బొమ్మ మాత్రమే, బొమ్మను నకలు చేయడానికి పాలీకార్బొనేట్ కూడా అక్కరలేదు. సరిచూసే యంత్రం ఉన్న చోట కూడా, సంతకంతో పాటు రాష్ట్రం పంపే ఫొటోను ఎదురుగా ఉన్న ముఖంతో పోల్చవలసినవాడు చేతిలైటు పట్టుకున్న ఆ మనిషే.